కూరలో పుదీనా

బంగాళాదుంప కూరలో కొత్తిమీర వేయాల్సిన చోట ఆమె పుదీనా నూరి కలిపింది. కొత్తిమీర దొరక్క కాదు, కట్టకు కట్ట ఫ్రిజ్‌లోనే ఉంది. మొగుడి ముక్కు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఆమెకు వేరే దారి తోచలేదు.

అతను బడి వంటశాలలో పెద్ద వంటవాడు. ఏ గిన్నె అయినా పిల్లల దగ్గరకు వెళ్ళే ముందు అతనే మూత తీసి వాసన చూడాలి. తల ఊపితేనే వడ్డన. అందుకే అందరూ ముక్కు మాస్టారంటారు. మొన్నటి జ్వరం తగ్గి, రేపు మళ్ళీ పనిలోకి వెళ్ళబోతున్నాడు. తీరా చూస్తే ఈ ఉదయం పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్కనే నిలబడి తీరుబడిగా పేపరు చదువుకుంటున్నాడు! అప్పుడే ఆమె గుండెల్లో రాయి పడింది. ముక్కు పోయిందంటే ఉద్యోగం ఉంటుందా? దాచిపెడితే, పాడైన కూర ఏ పసివాడి నోట్లో పడుతుందో?

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మొదటి ముద్దకే మొహం చిట్లించింది.

"ఇదేమిటే, ఇందులో పు..."

కోడలు బల్ల కింద ఆవిడ కాలు తొక్కింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ తొక్కుడుకు ఠక్కున నోరు మూసుకుంది.

అతను నాలుగు ముద్దలు తిన్నాడు.

"కొత్తిమీర బాగా దట్టించావే! ఘుమఘుమలాడిపోతోంది," అన్నాడు.

ఊరుకుంటే ఈ పూట గడిచిపోతుంది. ఊరుకోవాలనే ఉంది ఆమెకు. కానీ మాట ఆగలేదు.

"అది కొత్తిమీర కాదండీ."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నన్నే పరీక్షిస్తున్నావా?" అని గయ్యిమన్నాడు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు పక్కకు జరిపింది, విసిరేస్తాడేమోనని. అతను విసురుగా లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. అక్కడి కుండీలో రోజూ తను నీళ్ళు పోసి పెంచుకునే పుదీనా, బోడి కాడలతో నిలబడి ఉంది.

"మొత్తం కోసేశావా?"

"కాస్త మిగిల్చాను."

అడుగున మిగిలిన ఆకు తుంచి, నలిపి, ముక్కుకు ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. తర్వాత ఆ వేళ్ళు తల్లి ముక్కు దగ్గర పెట్టాడు.

"వస్తోందా అమ్మా?"

"గుప్పుమంటోంది కదరా!"

అతను కుర్చీలో కూలబడ్డాడు. "జ్వరం వచ్చినప్పటి నుంచీ ఏ వాసనా తెలియట్లేదు. రేపటికల్లా వచ్చేస్తుందిలే అనుకుంటూ వచ్చాను." వేళ్ళ మధ్య ఆకు పక్కన పడేసి, "రేపు బడికి వెళ్తాను. మూత తీయడానికి కాదు, ఉన్న మాట చెప్పడానికి," అన్నాడు.

ఆమెకు బరువు దిగినట్టూ ఉంది, భయంగానూ ఉంది. అతను కంచం దగ్గరకు లాక్కున్నాడు.

"ఎలా కుదిరిందో చెప్పవే," అని అడిగాడు భార్యను.

ఆమె రుచి చూద్దామని ముద్ద కలుపుతుంటే, అత్తగారే అందుకుంది.

"ఏం కుదరడంరా, ఉప్పు చాల్లేదు."

"అదొక్కటే నాకూ తెలిసిందమ్మా," అంటూ అతను భోరుమన్నాడు.