ఇంట్లో వదిలిన మనిషి

"నేను చేసుకున్న అమ్మాయివి కావు నువ్వు," అన్నాడు మహీధర్, నేను ఇస్త్రీ చేస్తున్న తన చొక్కా కాలరు చూసి. కాలరు మీద చిన్న మడత ఉంది లెండి. ఎప్పుడూ అనే మాటే. కానీ ఆ శనివారం పొద్దున నాకు కోపం రాలేదు. నిజమే కదా అనిపించింది.

అదంతా కింది ఫ్లోరు నోరా ఆంటీ చలవ. ఐర్లాండావిడ. ఇక్కడి చైనీసాయన్ని చేసుకుని ముప్పై ఏళ్లుగా మా పేట బెడోక్‌లోనే ఉంటోంది. పోయిన నెల మా పాప నిఖిలని ఆడిస్తూ, తన అమ్మమ్మ నోట విన్న కథ చెప్పింది. కొండ కింద ఉండే మాయలోకంవాళ్లు, వాళ్ల పేరెత్తకూడదట, పడుచు తల్లిని ఎత్తుకుపోయి అచ్చం ఆమెలాంటిదాన్నే ఇంట్లో వదిలిపోతారట. అది వండుతుంది, ఉతుకుతుంది, నవ్వదు. అసలావిడ ఏడాదికోసారి గుర్రమెక్కి ఆ ఇంటి దారినే పోతుంది. అప్పుడు మొగుడెళ్లి, పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టి లాగితే తిరిగొస్తుంది.

"వెళ్లాడా?" అన్నాను.

"ఎక్కడ! ఇంట్లో ఉన్నది వంట బాగానే చేస్తోంది కదా అనుకున్నాడు, లాహ్," అంది, ఇక్కడివాళ్ల ఊతపదం కలిపి.

నవ్వబోయి ఏడ్చేశాను. హైదరాబాదులో నేను కోబాల్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసేదాన్ని. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయని ఈ ఊరంతా కోబాల్ వచ్చినవాళ్ల కోసం వెతుకుతుంటే, నేను మార్కెట్లో వంకాయలు ఏరుతున్నాను. "హాయిగా ఇంట్లో ఉండక నీకెందుకే?" అంటాడు మహీధర్. "మావాడికి వేళకి పెడుతున్నావా?" అంటుంది ఫోనులో అత్తగారు. ఈ దేశం వచ్చాక, భానుమతీ అని నన్నెవరైనా పిలిచి మూడేళ్లయింది. ఏయ్, నిఖిల మమ్మీ, అంతే. బస్సులో ఆఫీసులకెళ్లే ఆడవాళ్లలో నన్ను నేను వెతుక్కుంటాను. నా మీద నాకే ఎంత బెంగో!

"ఆవిడే గుర్రం దిగి రాకూడదా ఆంటీ?"

"మా అమ్మమ్మని నేనూ అడిగాను. తను విన్న కథలో అలా లేదంది. నువ్వు చెప్పేటప్పుడు కలుపుకో."

ఆ రోజే ఒక ఉద్యోగానికి దరఖాస్తు పంపాను. మహీధర్‌కి చెప్పలేదు.

ఈ శనివారం, చొక్కా పక్కన పెట్టి ఇస్త్రీపెట్టె ఆపాను. "పదింటికి నాకు ఇంటర్వ్యూ ఉందండీ."

"ఇవాళా? మధ్యాహ్నం మా టీమంతా భోజనానికొస్తున్నారు కదే!"

"వంకాయలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."

నిఖిలని నోరా ఆంటీకి అప్పగించి రైలెక్కాను. ఆ ఆఫీసులో కూర్చున్నంతసేపూ లేచి ఇంటికి పారిపోదామా అనిపించింది. ఇంతలో తలుపు తెరిచి ఒకమ్మాయి చేతిలో కాగితం చూసి పిలిచింది.

"భానుమతి?"

"వచ్చేశాను," అన్నాను, తెలుగులోనే.