ఐలమ్మ జాడీలు

సూరత్‌లోని కోసాడ్ కాలనీలో సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, బందుండే రోజున మగవాళ్లు ఆలస్యంగా లేస్తారు. లింగం లేచి, ముఖం కడుక్కొని చాయ్ కోసం కూర్చున్నాడు. అతని భార్య ప్రమీల పొయ్యి వైపు తిరిగి, వీపు చూపిస్తూనే అడిగింది.

"పల్సానాల మా అక్క దగ్గరికి పోతున్న. ఇగ ఆన్నే ఉంట. పోవాల్నా?"

"ఆఁ, గట్లనే," అన్నాడు లింగం.

అతనికి ఒక్క ముక్క వినపడలేదు. సాంచెల చప్పుడు మనిషి చెవుల్ని తినేస్తుంది. తిన్నందుకు ఏ సేటూ జవాబు చెప్పడు. సాంచెల మనుషులు పెదాలు చూసి మాట పట్టుకుంటారు, పెదాలు కనపడనప్పుడు "ఆఁ, గట్లనే" అనేసి నెట్టుకొస్తారు. ఆ సంగతి ప్రమీలకు తెలుసు. ముఖం చూసే అడగాల్సింది. కానీ పొమ్మనేటప్పుడు ఆ ముఖం ఎట్లుంటుందో చూడాలంటే ఆమెకు భయం. మాటలేని ఇంట్లో ఏళ్లు గడిపి అలసిపోయింది. ఆ "ఆఁ"నే జవాబనుకొని బట్టలు సర్దుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ పై అంతస్తులోని ఐలమ్మ ఇంటికి వెళ్లారు. అందరికీ చెప్పి అటునుంచి అటే బస్సెక్కుదామని ప్రమీల సంచి వెంట తెచ్చుకుంది. సంచిలో సకినాలున్నాయనుకున్నాడు లింగం.

ఏటా ద్రాక్షలు చవకైనప్పుడు ఐలమ్మ రసం పిండి ఒక జాడీ పులియబెడుతుంది. మద్యనిషేధమున్న గుజరాత్‌లో అది కూడని పని. అయినా ఆ జాడీల జోలికి ఎవరూ రారు. ఒక్కో జాడీ మూతికి ఆ ఏడు సాంచె మీద నేసిన చీర ముక్క కట్టి ఉంటుంది. ఏ ఏటి రసం నాలుక మీదుంటే ఆ ఏటి చెవులు తిరిగొస్తాయి, రుచి ఉన్నంతసేపే. వానాకాలంలో గోడలు చెమ్మెక్కినట్టే ఇదీను. ఎవరూ దాన్ని వింత అనుకోరు.

పక్క సాంచె నడిపే లింగం జోడీగాడు నరహరి అప్పటికే గ్లాసు పట్టుకున్నాడు. బట్ట నాణ్యం చూసినట్టు రసపు చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు.

"ముతక! లారీ హారన్ దప్ప ఏం ఇనొస్తలేదు. ఆ పూలచీరది పొయ్యే అక్కా."

లింగం పూలచీరది చప్పరించాడు. "కుక్కర్ సీటీ."

"గంతేనా? నాకు పావురం రెక్కలిప్పింది గూడ ఇనొచ్చె. నీ నాలుక్కు గంజి పట్టింది బావా."

"నీ నోటికి తాళం పడితే నాకు గూడ ఇనొస్తది!"

చివరికి ఐలమ్మ ఊరి తువ్వాల చుట్టిన జాడీ దించింది. సూరత్‌కు వచ్చిన కొత్తలో, వీళ్లు ఇంకా సాంచె ఎక్కకముందు పెట్టినది. ఒక్క గుక్కే మిగిలింది. నరహరి చెయ్యి చాచాడు.

"నిరుడు నువ్వే తాగినవ్. ఆగు!" అని చెయ్యి మీద కొట్టి, ఐలమ్మ దాన్ని లింగానికి పోసింది.

లింగం నోట్లో పోసుకొని మింగకుండా పట్టుకున్నాడు. తీగ మీద తడిచీర ఆరుతున్న చప్పుడు వినపడింది. తాపీ నదికి అవతల ఎవరో సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. నీళ్ల మీద ఎండ మెల్లగా జరుగుతోంది.

అన్నిటికన్నా దగ్గరగా, కిటికీ దగ్గర, వీపు తిప్పుకొని ప్రమీల. కొంచెం బొంగురు గొంతు. ఆ గొంతు అట్లా ఉంటుందని అతను ఎప్పుడో మరిచిపోయాడు.

"ఒక్కసారన్నా వద్దంటవని సూసిన," అంటోంది సంచితో. "పోవాల్నా?"

మింగితే ఆ గొంతు పోతుంది. మింగకపోతే మాట రాదు. ఇంకాసేపు, ఇంకాసేపు అని అతను బుగ్గలో దాచుకున్నాడు.

"ఎట్లుందిరా? చెప్పవేంది?" నరహరి కుదిపాడు.

ప్రమీల సంచి భుజానికెత్తుకుంది.

లింగం మింగేశాడు. కరెంటు పోయిన కార్ఖానాలా లోకం ఒక్కసారిగా ఆగిపోయింది.

"పోవద్దు," అన్నాడు.

ప్రమీల ఇటు తిరిగింది. సంచి జారిపోయింది. ఆమె పెదాలు మెల్లగా కదిలాయి: "ఏమన్నవ్? మళ్ల చెప్పు."

ఈసారి అతను వంద సాంచెల మధ్య నిలబడి పిలిచినట్టు అరిచాడు. కింది అంతస్తులన్నిటా తలుపులు తెరుచుకున్నాయి.