కాపురం ఇరవై మూడేళ్ళు, సంతకం ఒకటి

యాభై రెండేళ్ళ వయసులో పరీక్ష ఫీజు కట్టినందుకు ఇంగ్లండులోని మా ఓల్డమ్ ఊళ్ళో నన్ను ఎగతాళి చెయ్యనివాళ్ళు లేరు. ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుని పదకొండేళ్ళుగా వచ్చినవాళ్ళకి తాళాలు అందిస్తున్నాను. ఇంటి అప్పుల సలహాదారు పరీక్ష పాసైతే లోపల గది, మంచి జీతం ఇస్తానన్నాడు మేనేజరు. ఇంకేం, పుస్తకం కొన్నాను. నాతో ఇన్నేళ్ళుగా కాపురం ఉంటున్న మా కీత్ అయితే, "చదవకముందు కాకరకాయ, చదివాక కీకరకాయ! నీ సంగతీ చూస్తాగా లోరెయిన్," అని పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, నేను చదువుకుంటుంటే టీ పెట్టి పక్కన ఉంచేవాడు. ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి.

మధ్యాహ్నం తిండి వేళ జిలియన్ నాకు పాఠం చెప్పేది. మా ఆఫీసు పిల్లే, ఇరవై ఏడేళ్ళుంటాయి, రెండేళ్ళ కిందటే పాసైంది. ఆ గురువారం సాండ్‌విచ్ నములుతూ ఒక ప్రశ్న చదివింది.

"ఇల్లు మగాడి పేర ఉంది. పెళ్ళి లేకుండా ఒకావిడ ఇరవై ఏళ్ళుగా అతనితో కాపురం చేస్తోంది. వీలునామా రాయకుండా అతను పోయాడు. ఇల్లెవరికి?"

"ఇదీ ఒక ప్రశ్నేనా! ఆవిడకే. అన్నేళ్ళు కలిసుంటే పెళ్ళాం కిందే లెక్క," అన్నాను.

"పోయింది మార్కు!" అంది జిలియన్. "అలాంటి చట్టం లేదు తల్లీ. మా అమ్మమ్మ దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరూ ఇదే అనుకుంటారు. ఇల్లు అతని వాళ్ళకే పోతుంది. ఆవిడకేమైనా కావాలంటే కోర్టు మెట్లెక్కాలి."

కీత్‌కీ నాకూ పెళ్ళి కాలేదు, ఇరవై మూడేళ్ళుగా కలిసుంటున్నాం అంతే. అయినా ధీమాగా, "నాకా భయం లేదులే. మా ఇంటి కాగితాల మీద నా సంతకం ఉంది. బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నప్పుడు లాయరే పెట్టించుకుంది," అన్నాను.

"ఏం కాగితం అది?"

"ఏమో! ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళు సంతకం పెట్టాలంది, పెట్టాను. సొంతింటిదాన్నయ్యానని ఆ సాయంత్రం చేపా చిప్సూ తెచ్చుకుని పండగ చేసుకున్నాం."

జిలియన్ నవ్వలేదు. సాండ్‌విచ్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, పుస్తకంలో ఒక పేజీ తీసి నా ముందుకు తోసింది. అక్కడ నమూనా పత్రం అచ్చు వేశారు. ఇంటి యజమాని కాకుండా ఆ ఇంట్లో ఉండే మనిషి రాసిచ్చే సమ్మతి అది. తనకేమైనా హక్కు ఉన్నా అది బ్యాంకు హక్కు తరవాతే, బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకుంటే మారుమాట్లాడకుండా ఖాళీ చేస్తాను అని. నేను సంతకం పెట్టిన కాగితమే. అవే మాటలు, అడుగున అదే చుక్కల గీత. ఓరి దేవుడా! యజమానురాలినయ్యానని మురిసిపోతూ, కానని నా చేత్తో నేనే రాసిచ్చానా?

"ఇంటి అప్పు వాయిదాలు నువ్వేమైనా కట్టావా?" జిలియన్ మెల్లగా అడిగింది.

"అవి కీత్ ఖాతాలోంచి పోతాయి. తిండీ, గ్యాసూ, కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్నూ నావి. మొదట్నుంచీ అంతే."

"వాయిదాలు కట్టి ఉంటే కోర్టులో వాటా అడగడానికి ఏదో ఆధారం ఉండేది," అంది జిలియన్. ఆ మధ్యాహ్నం ఇద్దరికి ఒకళ్ళ తాళాలు ఒకళ్ళకి ఇచ్చి పంపాను.

ఇంటికెళ్ళేసరికి కీత్ సాసేజీలు వేయిస్తున్నాడు. కోటైనా విప్పకుండా అడిగాను.

"కీత్, ఈ ఇల్లెవరిది?"

"మనది. ఇదేం పరీక్షే నాకు?"

"చట్టం ప్రకారం?"

మంట తగ్గించాడు. "చట్టం ప్రకారం అంటే నాదే. లాయరు అప్పుడే చెప్పింది."

"నీకు తెలుసా?"

"తెలుసు. నువ్వంత సంబరపడుతుంటే పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నా."

ఇన్నేళ్ళూ నిమ్మకు నీరెత్తినట్టు పక్కనే కూర్చున్నాడు! కోటు విప్పి కొక్కేనికి తగిలించి అన్నాను. "సరే, అయిందేదో అయింది. రేపే లాయరు దగ్గరికెళ్ళి నా పేరు ఎక్కించు. లేదా పెళ్ళి చేసుకుందాం, రిజిస్ట్రారు ఆఫీసులో అరగంట పని."

కీత్ పెనం వంకే చూస్తూ, "ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నాడు. "ఇల్లు మా అన్న పిల్లలకని వీలునామా రాసేశా. అమ్మ పోయేముందు అడిగింది, కాదనలేకపోయా."

"మరి నేను? ఈ వంటింటి గోడ టైల్సు నా చేతుల్తో అంటించాను కీత్! ఒకసారి పొయ్యి పాడైతే మా నాన్న ఉంగరం అమ్మి కొన్నాను! నువ్వు పోతే నేనెక్కడికి పోవాలి?" నా గొంతు ఇంతలా లేస్తుందని నాకే తెలియదు.

పొయ్యి ఆపి దగ్గరికొచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "పిచ్చిదానా, ఇప్పుడు నిన్నెవరు పొమ్మన్నారు? నీకిష్టమైనన్నాళ్ళు ఉండు."

ప్రేమగానే అన్నాడు. అది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళతో అనే మాటని అతనికి తట్టనేలేదు. రెండు పళ్ళాల్లో వడ్డించి, రా, చల్లారిపోతుంది అని పిలిచాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి, ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోవడానికి నాకు మొహమాటమనిపించింది.