నీళ్ళ మలుపు దగ్గర ముప్ఫైనాలుగు బండ్లు

నేను ఒక పాత కారుని. పాత అనే మాటని మనుషులు ఈమధ్య ముద్దుగా పలుకుతున్నారు గాని, నా నడివయసులో అది తిట్టు. పంతొమ్మిది వందల డెబ్భై ఒకటిలో బొంబాయి కార్ఖానాలో పుట్టాను. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, స్టీరింగు పక్కన గేరు కర్ర. మొదట కొన్నది విజయనగరంలో ఒక జనపనార మిల్లు మేనేజరు. రోజూ పొద్దున్నే నన్ను తన చేతులతో తుడిచేవాడు. వాన పడితే నన్ను షెడ్డులో ఉంచి తను రిక్షాలో తడుస్తూ వెళ్ళేవాడు. తర్వాత ఒక సినిమా హాలు వాళ్ళ చేతికొచ్చాను. నా నెత్తిన మైకులు కట్టారు, తలుపులకి పోస్టర్లు అంటించారు, ఊరంతా తిప్పారు. ఆ తర్వాత గజపతినగరం దగ్గర ఒక ఇటుకల బట్టీ వెనక పదకొండేళ్ళు పడి ఉన్నాను. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి. నా నుంచి ఏ గొప్పా ఆశించకుండా నన్ను వాడుకున్నవి ఆ కోళ్ళు మాత్రమే.

ఇప్పిలి సింహాద్రి నన్ను అక్కడే చూశాడు. ముప్ఫైరెండేళ్ళు అనంతగిరి ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి, అప్పుడే రిటైరైన మనిషి. లారీ మీద విశాఖపట్నం తీసుకెళ్ళి, పెదవాల్తేరులో తన ఇంటి ముందు దింపాడు. ఆయన భార్య పైడితల్లి నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంటికాడ కూకోమంతే ఇంకో పెళ్ళాన్ని తెచ్చుకున్నావేటి?" అంది. ఎనిమిది నెలలు పట్టింది నన్ను లేపడానికి. స్టార్టు అయిన రోజు మాత్రం ముందు సీటులో మొదట ఎక్కి కూర్చున్నది ఆమే.

నన్ను చూసి, ఊళ్ళో పాత కార్లున్న ముగ్గురు సింహాద్రిని వెతుక్కుంటూ వచ్చారు. ఒక పంటి డాక్టరు, ఒక లెక్కల మాస్టారు, ఒక హోటలు యజమాని. వాళ్ళకి కార్లున్నాయి, తిప్పడానికి దారి తెలియదు. సింహాద్రికి దారే తెలుసు. "కార్తీకంలో వలిసె పూలు పూస్తాయి. కొండంతా పసుపారబోసినట్టుంతాది. అందరం కలిసి ఎల్దామా?" అన్నాడు. అలా నాలుగు కార్లతో మొదలైంది.

సరదా కోసం పెట్టుకున్న పనికి ఆయనంత కష్టపడిన మనిషిని నేను చూడలేదు. వారం ముందే నన్ను తీసుకుని ఒకసారి ఎక్కి దిగేవాడు. ఏ మలుపులో కంకర లేచింది, ఎక్కడ గోడ కూలింది, ఎక్కడ రోడ్డు దిగి బండి నిలపడానికి చోటుంది, అన్నీ ఒక బడిపిల్లల నోటుబుక్కులో రాసుకునేవాడు. బయల్దేరే ముందు అందరినీ నిలబెట్టి చెప్పేవాడు. బండికీ బండికీ దూరం ఉండాలి, ఆగితే రోడ్డు పూర్తిగా దిగి ఆగాలి, ఆగిన ప్రతి బండిలో ఒక మనిషి తాళంతో సహా ఉండాలి.

"ఈ రోడ్డు మనది కాదు బాబూ. మనం సూడ్డానికొచ్చినోళ్ళం. దీని మీద బతికేవోళ్ళు వేరే ఉన్నారు" అనేవాడు.

కొండ సగం ఎక్కాక ఒక మలుపుంది. రాతి సందులోంచి ఊట వస్తుంది కాబట్టి సింహాద్రి దాన్ని నీళ్ళ మలుపు అనేవాడు. అక్కడ నిలబడితే లోయంతా విప్పినట్టు కనపడుతుంది. కార్ల వాళ్ళకి ఆ చోటు చూపించింది ఆయనే. ఊట పక్కన కొర్రా బుద్రి అనే ఆమె మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. మేం వెళితే పొత్తులు వదిలేసి, అల్యూమినియం బిందెతో నీళ్ళు తెచ్చి మా రేడియేటర్లలో పోసేది. "ఈ పచ్చదానికి దాహం ఎక్కువ బాబూ" అని నా బానెట్టు మీద తట్టేది. పొత్తులకి తప్ప నీళ్ళకి ఎన్నడూ చేయి చాచలేదు.

నాలుగు కార్లు తొమ్మిదయ్యాయి, పద్నాలుగయ్యాయి. క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. హోటలు యజమాని దాట్ల హర్షవర్ధన్ రాజు అధ్యక్షుడయ్యాడు. చెడ్డవాడని చెప్పలేను. ఇంజను మోత విని జబ్బు చెప్పగలడు. నా కార్బొరేటరు కోసం మద్రాసు దాకా వెళ్ళి వచ్చాడు. కాకపోతే ఆయనకి కొండ కంటే కొండ ముందు నిలబడ్డ కార్లు ఎక్కువ ఇష్టం. కొత్త కార్ల వాళ్ళు కూడా చేరారు. ఒకే రంగు చొక్కాలు వచ్చాయి, బ్యానర్లు వచ్చాయి, చివరికి ఆకాశంలోంచి వీడియో తీసే డ్రోను వచ్చింది. సింహాద్రి నోటుబుక్కు మాత్రం నా డాష్‌బోర్డు అరలోనే ఉండిపోయింది.

పదో ఏడు ముప్ఫైనాలుగు కార్లు బయల్దేరాయి. నన్ను చివర పెట్టారు. నెమ్మదిగా ఎక్కుతానని, వీడియోలో వరస తెగిపోతుందని. సింహాద్రి పక్కన కూర్చున్న పైడితల్లి, "దారి సూపినోడు ఎనకా, దారి తెలీనోడు ముందూనా?" అంది.

నీళ్ళ మలుపు దగ్గర ముందు కార్లు ఆగాయి. రోడ్డు దిగలేదు. డ్రోనులో అందంగా రావాలని రెండు వరసలుగా, రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిలబెట్టారు. అందరూ దిగి, తలుపులకి తాళాలేసి, కింద బండరాయి మీద ఫోటోకి వెళ్ళారు. ఆరోజు ఊట దగ్గర పొయ్యి వెలగలేదు. నీళ్ళ బిందె తీసుకుని ఎవరూ రాలేదు. అది గమనించింది సింహాద్రి ఒక్కడే. గమనించి, "బుద్రి రాలేదేటి?" అని మాత్రం అనుకున్నాడు.

అప్పుడు పైనుంచి జీపు హారను. ఆగకుండా మోగుతోంది.

సింహాద్రి పరుగున వెళ్ళాడు. నేనున్న చోటి నుంచి నాకు జీపు ముక్కు మాత్రమే కనపడింది. లోపల బుద్రి ఉందని, మొగుడు లింగు ఒళ్ళో పడుకుని ఉందని, కాఫీ తోటలో పళ్ళు కోస్తుంటే పాము కరిచిందని తర్వాత తెలిసింది. సింహాద్రి గోడ దగ్గరికొచ్చి కిందికి కేక పెట్టాడు.

"రాజుబాబూ! బళ్ళు తీయండి! పాము కరిసిన మనిషి!"

కింద డ్రోను రొద. హర్షవర్ధన్ రాజు చెయ్యెత్తి, "రెండే నిమిషాలు సింహాద్రిగారూ, డ్రోను దించేస్తున్నాం!" అని అరిచాడు. ఆయనకి మాట సరిగ్గా వినపడలేదేమో. వినపడలేదనే ఆయన తర్వాత చెప్పాడు.

సింహాద్రి బండరాయి దాకా దిగి, ఒక్కొక్కరినీ చేతులు పట్టుకుని లాక్కొచ్చాడు. ఒకరి తాళం భార్య సంచిలో ఉంది, ఆమె ఇంకా కిందికి దిగి వెళ్ళింది. ఒకాయన ఘాట్‌లో వెనక్కి నడపడం రాక పక్క బండికి గీశాడు. ఆ ఇద్దరూ దిగి గీత చూసుకుంటూ నిలబడ్డారు. సింహాద్రి తనే ఎక్కి ఏడు బండ్లు తీశాడు. ఎనిమిదో దాని దగ్గర తాళం లేదు. అప్పుడు పైడితల్లి రోడ్డు మధ్యలో నిలబడి అరిచింది.

"బళ్ళు ఎందుకయ్యా? మనిషిని మొయ్యండి! మన బండి ఎనకాల ఆకర్నే ఉంది కదా!"

ఆ మాట తట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఘాట్ రోడ్డుని చేతిగీతల్లా చదివిన మనిషికి, కార్ల మధ్యన ఉండీ ఉండీ, దారంటే కార్లకే అన్నట్టయిపోయింది. లింగూ, సింహాద్రీ, జీపు డ్రైవరూ బుద్రిని ఎత్తుకుని మెరుస్తున్న బండ్ల మధ్యగా పక్కకి తిరిగి నడిచి వచ్చారు. దారి పొడుగునా ఒకే రంగు చొక్కాలు తప్పుకున్నాయి. నా వెనక సీటులో పడుకోబెట్టారు. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిద్రపోకు, నిద్రపోకు" అని లింగు తన భాషలో ఒక్క మాటే అంటూ ఉన్నాడు. సింహాద్రి నన్ను ఎన్నడూ అంత వేగంగా దింపలేదు. నా ఒంట్లో ఉన్నదంతా ఇచ్చాను. అది చాలినంత లేదు.

మూడో రోజున ఆసుపత్రిలో ఆమె పోయింది.

ఆ ఇరవై నిమిషాల వల్లే పోయిందని ఎవరూ చెప్పలేరు. క్లబ్బు సమావేశంలో అందరూ చెప్పింది ఆ మాటే. కిటికీ కింద నిలబడి నేను విన్నాను. అప్పటికే వీడియో బయటికొచ్చింది. లోయ, పూలు, రెండు వరసల కార్లు. జీపు ఉన్న ముక్క కత్తిరించేశారు, హారను మోత వినపడకుండా వీణ పాట వేశారు. వేలమంది మెచ్చుకున్నారట.

"ఒకసారి అందరం ఆ ఊరెల్లి తప్పయిందని సెప్పి వద్దాం బాబూ" అన్నాడు సింహాద్రి.

"వెళితే మనమే చేసినట్టు ఒప్పుకున్నట్టవుతుంది" అన్నాడు హర్షవర్ధన్ రాజు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ బాధగానే ఉంది సింహాద్రిగారూ. కానీ ఆ మలుపు మాకు చూపించింది మీరే కదా" అన్నాడు.

సింహాద్రి వచ్చి నా సీటులో కూర్చున్నాడు. చాలాసేపు తాళం తిప్పలేదు.

ఆ ఆదివారం ఆయనా పైడితల్లీ నన్నే తీసుకుని లింగు ఊరికి వెళ్ళారు. లింగు గుమ్మంలో కూర్చుని చేట అల్లుతున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. పీట వేశాడు. ముందు లింగే మాట్లాడాడు.

"వచ్చే ఏడు మళ్ళీ వస్తారా బాబూ, బళ్ళు?"

"నాను రాను. వోళ్ళొస్తారేమో."

"వస్తే ముందుగా కబురెట్టండి. ఆ రోజు మా ఊళ్ళో ఎవరికీ ఏమీ రాకుండా చూసుకుంటాం."

అందులో వెటకారం లేదు. వానొస్తే వడ్లు లోపలికి తీసుకుంటాం అన్నంత మామూలుగా చెప్పాడు. తిరుగు దారిలో పైడితల్లి ఏడ్చింది. సింహాద్రి ఏడవలేదు. గేరు మార్చాల్సిన ప్రతి చోటా ఆలస్యంగా మార్చాడు.

సింహాద్రి క్లబ్బు మానేశాడు గాని, ఏటా వాళ్ళ డ్రైవు రోజున మాత్రం తెల్లవారేసరికి నన్ను నీళ్ళ మలుపుకి ఎక్కించేవాడు. రోడ్డు దిగి నన్ను నిలిపి, ఎర్రగుడ్డ పట్టుకుని మలుపులో నిలబడేవాడు. ఏ కారునీ ఆగనిచ్చేవాడు కాదు. మొదటి ఏడు హర్షవర్ధన్ రాజు అద్దం దించి, "మమ్మల్ని దొంగల్లా నిలబెడుతున్నారు మీరు" అన్నాడు. "నాను రోడ్డు కాస్తన్నాను బాబూ, అంతే" అన్నాడు సింహాద్రి. రెండో ఏడు ఆయనకి ట్రాఫిక్ తాత అని పేరు పెట్టారు. మూడో ఏడు నవ్వుతూ ఆయనతో ఫోటోలు దిగారు. ఆయనకి అన్నిటికంటే నొప్పి కలిగించింది అదే. నాలుగో ఏడు చక్కెర జబ్బుకి కళ్ళు మసకబారాయి, ఇక నన్ను నడపలేకపోయాడు.

నన్ను ఒక రిసార్టు వాళ్ళకి ఇచ్చాడు. రోజూ స్టార్టు చేస్తామని మాటిచ్చారు. తెచ్చిన నెలకే ఇంజను తీసి, ఆ ఖాళీలో బంతి మొక్కలు వేశారు. నీళ్ళ మలుపుకి పైన, పచ్చిక మీద నిలబడి ఉన్నాను. పెళ్ళి కుదిరిన జంటలు నా మీద చేతులేసి నవ్వుతారు. ఎవరో చెక్కిన పేర్లు నా తలుపు మీద తుప్పు పడుతున్నాయి.

ఈ కార్తీకంలో క్లబ్బు ఇక్కడికే టీకి వచ్చింది. ముప్ఫైతొమ్మిది కార్లు. హర్షవర్ధన్ రాజు జుట్టు నెరిసింది. నా బానెట్టు మీద చెయ్యి వేసి కొత్తవాళ్ళతో, "మన డ్రైవు మొదలైంది ఈ బండితోనే. సింహాద్రిగారని, గొప్ప మనిషి. మనకి దారి చూపించారు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గొంతులో నిజంగానే తడి ఉంది. అందుకే కోపం రావడం కూడా కష్టమైంది నాకు.

టీ తాగి కప్పులు పచ్చిక మీద వదిలి అందరూ దిగారు. కొండ అంచున నిలబెట్టారు కాబట్టి నాకు ఇక్కడి నుంచి కింద మలుపు బాగా కనపడుతుంది. అక్కడ ఎర్రగుడ్డ లేదు. మొదటి కారు నెమ్మదించి, రోడ్డు మధ్యలో ఆగింది. దాని పక్కనే రెండోది ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.