ఒంటి చేతితొడుగు

నా భర్త ఎల్విన్ సామాను గోధుమరంగు కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి ఇంటికి పంపించారు. అతనెక్కిన నీటివిమానం జలాంతర్గాముల కోసం బిస్కే అఖాతం మీద గస్తీకి వెళ్ళి తిరిగి రాలేదు. మనుషులు లేరు, రేకు ముక్క కూడా దొరకలేదు. ఆచూకీ లేదు అన్నారంతే. చనిపోయాడనీ అనలేదు, ఉన్నాడనీ అనలేదు.

చొక్కాలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు. ఎవరో జేబులు వెతికారన్నమాట. పెళ్ళాం కంట పడకూడనివి ఏమన్నా ఉంటే అక్కడే తీసిపారేస్తారని పెంబ్రోక్ రేవులో తెలియని ఆడది లేదు. అయినా ఒకటి మిగిలింది. గడ్డం గీసుకునే కప్పులో, కుంచె కింద, చంటిపిల్లల ఊలు చేతితొడుగు ఒకటి. రెండోది లేదు.

అది మా పాప మెన్నాది కాదు. దాని చేతికి అది మరీ పెద్దది. పైగా ఆ ఊలు వైమానికుల మేజోళ్ళు విప్పి తీసిన నీలిబూడిద రంగు ఊలు. పోయిన చలికాలం నేనల్లిన మేజోళ్ళు పోయాయని ఎల్విన్ చెప్పాడు. ఎక్కడ పోయాయో అప్పుడు అడగలేదు.

మా అత్తయ్య దాన్ని చూసి చొక్కా కిందకి తోసేసింది. ఆవిడకేదో తెలుసనిపించింది. అడిగితే, మగాడి సామానులో లక్ష ఉంటాయి, టీ చల్లారిపోతోంది తాగమంది. లక్ష ఉండొచ్చు. వేరే ఇంటి బిడ్డ చేతితొడుగు ఎందుకుంటుంది?

ఆ రోజు నుంచి నేను వీధిలో పిల్లల మొహాలు చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాను. రొట్టెల వరసలో, ప్రార్థన మందిరం మెట్ల దగ్గర, పడవ దిగేవాళ్ళలో. ఏ తల్లి నన్ను పలకరించకుండా పోయినా, ఈవిడేనా అనుకునేదాన్ని. జాలిపడి పలకరించినా అదే అనుమానం. మెన్నాకి ఎల్విన్ ముక్కు వచ్చింది. ఇంకెవరికైనా వచ్చిందేమోనని భయం.

పిల్లల్ని తూచి, చేపనూనె సీసాలిచ్చే రోజున, ఆస్పత్రిలో రెండోది దొరికింది. బల్ల మీద నా పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో పిల్లాడికి ఒక చేతికి నీలిబూడిద తొడుగు, రెండో చేతికి మేజోడు. బొటనవేలి దగ్గర, నా జేబులో ఉన్నదానికున్న ముడే.

పిల్లాడి ముక్కు చూశాను. బూరెలా ఉంది, ఎల్విన్‌ది కాదు. అయినా నమ్మలేదు.

ఆవిడ నా మొహం వైపు కాదు, మెన్నా కాలికి మిగిలిన ఒక్క ఊలుబూటు వైపు చూస్తోంది.

"పచ్చ రిబ్బను," అంది. "నువ్వు ఎల్విన్ భార్యవి కదూ. నీ పిల్ల రెండో బూటు మా ఆయన సామానుతో వచ్చింది, నా దగ్గరుంది."

ఎల్విన్ ఆఖరి సెలవులో ఆ ఊలుబూటు పోయిందని అత్తయ్యని నానా మాటలూ అన్నాను. గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

ఆవిడ పేరు విన్నీ. ఎల్విన్ విమానంలోనే వెనక తుపాకీ దగ్గర కూర్చునే బెవన్ భార్య. ఆ విమానంలో పిల్లలున్న వాళ్ళంతా ఒకరి బిడ్డ వస్తువు ఇంకొకరు తీసుకుని తమ పెట్టెలో దాచేవాళ్ళట. విమానంలోకి తీసుకెళ్ళరు. ఇంకొకడి బిడ్డది తన దగ్గరుంటే, ఇవ్వడానికైనా తిరిగి రావాలట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే పనిచెయ్యదట. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి నాకు తెలిసింది."

నేనింకా ఆవిడ కళ్ళల్లోకే చూస్తున్నాను, ఎక్కడైనా తడబడుతుందేమోనని. ఆవిడకి నవ్వొచ్చింది.

"బాగా చూడు తల్లీ. నీ మొగుణ్ణి ఒక్కసారి చూశాను, తొడుగులు అల్లుకోమని తన మేజోళ్ళు ఇచ్చిపోయినప్పుడు. పూట పూటంతా నీ పిల్లకి పన్ను వచ్చిందని చెప్పి నా ప్రాణం తీశాడు."

అప్పుడు ఏడ్చాను. తూచే నర్సు పేరు పిలిచినా లేవలేదు.

విన్నీ చేతిసంచిలోంచి మెన్నా బూటు తీసింది. మాసిపోలేదు. నా వేళ్ళు దాని కోసం వెళ్ళాయి. జేబులో చేతితొడుగు ఉంది, ఇచ్చేస్తే లెక్క సరిపోతుంది. సరిపోతే, తిరిగొచ్చి ఇవ్వడానికి వాళ్ళకేం మిగలదు.

"నీ దగ్గరే ఉంచు," అన్నాను.

"వీడి చెయ్యి గడ్డకట్టిపోతోంది నెస్టా."

"కొత్తది అల్లిస్తాను. ఇది మాత్రం ఇవ్వను."

విన్నీ ఆశ వదులుకుందని నాకు తెలిసింది. బెవన్ కోటు అప్పటికే తన కొలతకి కుట్టించుకుని తొడుక్కుంది. అయినా బూటుని మళ్ళీ సంచిలో వేసుకుని, మూత నొక్కింది.

ఇంటికొచ్చి చేతితొడుగు మళ్ళీ ఆ కప్పులోనే, కుంచె కిందే పెట్టాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎవరిదో తెలిసిందా అని మెల్లిగా అడిగింది. ఆవిడా ఇన్నాళ్ళూ నాలాగే నలిగిపోయిందని అప్పుడర్థమైంది.

"తెలిసినవాళ్ళదే అత్తయ్యా. ఎల్విన్ వచ్చి ఇస్తాడు. ఈలోగా వాళ్ళ పిల్లాడికి ఇంకోటి అల్లాలి."

ఆవిడ సూదులు తెచ్చి నా పక్కన కూర్చుంది. పిల్లాడి చెయ్యి ఎంతుంటుందో చూపించమంది.