డాక్టరుగారి గిన్నె

మంచుకొండల దేశంలోని ఆ ఆస్పత్రి కూడు గురించి ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అంటే సాకిష్‌కు కన్నబిడ్డను తిట్టినట్టుండేది. ఉండదూ మరి. అక్కడి వంటింట్లో ఆమె ముప్పై ఆరేళ్ళు గరిటె తిప్పింది. ఇప్పుడు డెబ్భై ఆరో ఏట, ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, అదే ఆస్పత్రి ఐదో వార్డులో కిటికీ పక్క మంచం మీద పడుకుంది. కింద వంటింట్లో ఇప్పుడు గరిటె పట్టింది ఆమె శిష్యురాలు నురీలా.

మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం బండి వచ్చేది. సాకిష్ గిన్నె మీద మాత్రం ఒక పళ్ళెం మూత ఉండేది. ముసలిదాని గిన్నె చల్లారిపోకూడదని కాబోలు అనుకునేది. మూత తీస్తే షోర్పో అనే మాంసం చారు మీద కొవ్వు చుక్కలు తేలుతుండేవి, అడుగున వేలెడు గొర్రెమాంసం ముక్క తగిలేది. పక్కవాళ్ళ గిన్నెల్లో ఏముందో ఆమెకు కనపడదు. కళ్ళకు శుక్లాలు. నాలుగడుగుల అవతల మనిషి ఆనవాలు తెలుస్తుంది, అంతే.

"నా పిల్ల చెయ్యి తప్పలేదు," అని మురిసిపోయి, ఆపైన పాత రోజులు అందుకునేది. బొగ్గు పొయ్యి మీద తెల్లవారకముందే ఎముకలు ఉడుకుతుంటే ఆ వాసనకు కాళ్ళు విరిగిన వాళ్ళు కూడా లేచి కూచునేవారట. వేసవిలో ఆప్రికాట్లు కప్పు మీద ఎండబెట్టి, చలికాలమంతా వాటితో తియ్యటి పానీయం కాచేవారట. అన్నిటికంటే ఎక్కువగా పెద్దడాక్టరు జునుషోవ్ గురించి చెప్పేది. ఆస్పత్రిలో వంట రోగులకు వెళ్ళాలంటే ముందు డాక్టరు రుచి చూడాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పటిదాకా ఒక్క గిన్నె కూడా గడప దాటడానికి లేదు. జునుషోవ్ ఒక్క చెంచాతో వదిలేవాడు కాదు. టోపీ తీసి, పొయ్యి పక్కనే నిలబడి, రొట్టె తుంచుకుని గిన్నెడూ తినేవాడు. మీసాలు తుడుచుకుని సంతకం పెట్టేవాడు.

"ఒకసారి ఉప్పు తగ్గిందని గుండిగంతా వెనక్కి పంపాడు. ఏడ్చాను. ఏడుస్తూనే మళ్ళీ వండాను. డాక్టరంటే ఆయన," అనేది. అలా చెప్తున్నప్పుడు ఆమె గొంతులో ఇరవై ఏళ్ళ పిల్ల పలికేది.

వింటున్నవాళ్ళు ఊ కొట్టేవారు కాదు. తలుపు పక్క మంచం మీది జీదెగుల్ పక్కూరి బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ. ఆవిడ నోటికి వార్డంతా భయపడుతుంది.

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్నట్టుంది అపా మీ కథ," అంది ఒకరోజు.

సాకిష్ నవ్వేసింది. అపా అంటే అక్కడ పెద్దావిడను పిలిచే పిలుపు. ఆ మాటలో జీదెగుల్ ఎంత కారం కలిపిందో ఆమెకు అందలేదు.

మధ్య మంచం మీద బాట్మా. యాభై ఐదేళ్ళుంటాయి. కడుపులో గడ్డ. డాక్టరు మొదటిరోజే చెప్పేశాడు. "నీ ఒంట్లో రక్తం లేదు. రెండువారాలు బాగా తిని రక్తం పట్టించుకో. లేకపోతే నేను కత్తి పెట్టను." ఆమె ఊరు కనుమకు అవతల. మంచు పడి కనుమ మూసుకుపోయింది. మొగుడు రాలేడు, ఇంటి కూడు రాదు. అందరికీ ఇంటినుంచి ఏదో ఒకటి వచ్చేది, ఒకరిది ఒకరు పంచుకునేవారు. పక్కమనిషిని పిలవకుండా నోట్లో ముద్ద పెట్టుకునే అలవాటు ఆ దేశంలో లేదు. బాట్మా మూడురోజులు తీసుకుంది. తిరిగి పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదుగా. నాలుగోరోజు నుంచి "కడుపు నిండింది" అనడం మొదలుపెట్టింది. సాకిష్ కూడా కోడలు తెచ్చిన రొట్టెలు అందరికీ పంచేది. గిన్నెలో షోర్పోకు మాత్రం ఎవరినీ పిలిచేది కాదు. ఒకే గుండిగలోది, ఎవరి వంతు వాళ్ళకు వచ్చిందే కదా, పిలిచేదేముంది అనుకుంది.

పదకొండో రోజు బాట్మా గిన్నె మళ్ళీ నిండుగానే వెనక్కి పోబోయింది. సాకిష్‌కు ఒళ్ళు మండింది.

"కూటి మీద అలకేంటే పిల్లా? ఇంకో మూడురోజుల్లో రెండువారాలు. డాక్టరొచ్చి చూస్తే ఏం చెప్తావు? నురీలా అంత కమ్మగా వండి పంపుతుంటే."

బాట్మా గోడవైపు తిరిగింది. "మీకు కమ్మగానే ఉంటుంది అపా."

"నాకూ నీకూ ఒకటేగా."

జీదెగుల్ చెంచా పక్కన పెట్టింది. "పదకొండు రోజులుగా మాంసం వాసన మాకు చూపించి మీరొక్కరే తింటున్నారు. పైగా వంట బాగుందని మాకు పాఠం చెప్తున్నారు. ఎంగిలి చేత్తో కాకిని తోలని వాళ్ళను చూశాను గానీ, ఇలా మొహం మీద చెప్పేవాళ్ళను చూడలేదు."

సాకిష్ గతుక్కుమంది. చలికోటు వేసుకుని మెల్లగా లేచి, బాట్మా గిన్నె అందుకుని ఒక చెంచా నోట్లో పోసుకుంది. గోరువెచ్చటి నీళ్ళు. అడుగున నాలుగు బార్లీ గింజలు, ఒక క్యాబేజీ ఆకు. ఆ రుచి ఆమెకు కొత్తది కాదు. ఎక్కడిదో కూడా వెంటనే తెలిసింది.

ఆ గిన్నె పట్టుకుని, గోడ ఆసరాతో రెండు అంతస్తులు దిగింది. నురీలా గుండిగ కడిగిస్తోంది. పొయ్యి పక్కన మూతపెట్టిన చిన్న తపేలాను సాకిష్ చేత్తో తడిమింది. సొట్టతో సహా అదే, ఒకప్పుడు తను వాడిందే.

"అపా, మెట్లెందుకు దిగారు? కబురు పెడితే నేనే వచ్చేదాన్నిగా."

"ఇంకా డాక్టరుకు దీన్లోనే వండుతున్నావా?"

"మీరు నేర్పిందేగా. మిగిలింది మీకు పంపుతున్నా. గురువుకు గుండిగలోది ఎలా పంపను?"

తల కొట్టేసినట్టయింది సాకిష్‌కు. తొంభై నాలుగు చలికాలం. బొగ్గు బండి రాలేదు, మాంసం రాలేదు. జునుషోవ్ వెళ్ళిపోయి కొత్తాయన వచ్చాడు. మొదటిరోజు ఒక చెంచా నోట్లో పెట్టుకుని పుస్తకం మూసేశాడు. సంతకం లేదు. నలభైమంది సాయంత్రం దాకా ఆకలితో ఉన్నారు. మర్నాడు సాకిష్ ఇంటినుంచి మాంసం తెచ్చి, ఈ తపేలాలో విడిగా కాచి ఆయనకు పెట్టింది. ఆయన సంతకం పెట్టాడు. ఒక్క చలికాలమే అనుకుంది. తర్వాత ఆస్పత్రికి కొద్దికొద్దిగా మాంసం రావడం మొదలైనా, మంచి ముక్క ముందు తపేలాలోకే పోయేది. చెయ్యి అలవాటు పడిపోయింది. ఇన్నేళ్ళూ జునుషోవ్ మీసాల గురించి అందరికీ చెప్పింది గానీ ఈ తపేలా గురించి తనకు తాను కూడా చెప్పుకోలేదు.

"రేపటినుంచి డాక్టరుకు గుండిగలోదే పెట్టు," అంది.

"సంతకం పెట్టడు. నలభైమంది పస్తుంటారు. ఈ మాట నాకు చెప్పింది మీరే అపా."

సాకిష్ తపేలాలో మిగిలింది ఇమ్మంది. నురీలా తపేలా అడుగున దాచిన షోర్పో వెచ్చచేసి ఇస్తే, ఆ గిన్నె పట్టుకుని, ప్రతి మెట్టు మీదా ఊపిరి తీసుకుంటూ పైకి వచ్చింది.

"తిను," అంది బాట్మా పక్కన కూచుని.

"వద్దండి. పదకొండు రోజులకు గుర్తొచ్చానా?"

మామూలుగా అయితే ఆ మాటకు సాకిష్ వెనక్కి తగ్గే మనిషి కాదు. ఈసారి తల దించుకుంది. తపేలా సంగతి మొదటినుంచీ చెప్పింది. కొత్త డాక్టరు, ఇంటి మాంసం, తర్వాత ఆస్పత్రి మాంసం, ఏదీ దాచలేదు. "నేను ఒకటే గుండిగ అనుకున్నాను. రెండోది పొయ్యి మీద పెట్టింది నేనే," అంది.

బాట్మా ఆమె వైపు తిరిగింది.

"తొంభై నాలుగులో నేను ఇక్కడే పురిటి వార్డులో ఉన్నా. నా పెద్దాడు పుట్టాడు. రోజూ నీళ్ళ షోర్పో వచ్చేది. నాకు పాలు పడలేదు. పక్క మంచం ఆవిడ తన బిడ్డతో పాటు నా బిడ్డకూ పాలిచ్చింది. మేమంతా ఏమనుకునేవాళ్ళమో తెలుసా? పాపం వంటావిడ మాత్రం ఏం చేస్తుంది, ఇచ్చిందే వండుతోంది అనుకునేవాళ్ళం. మిమ్మల్ని దీవించేవాళ్ళం అపా."

సాకిష్ కళ్ళలోంచి నీళ్ళు కారి గిన్నె మీద పట్టుకున్న చేతుల మీద పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"సంతకం పెట్టకపోతే మీరు పస్తుంటారనే చేశాను," అంది.

"ఆకలి మాది. ఒక పూట పస్తుండి డాక్టరును నిలదియ్యాలో వద్దో మమ్మల్ని ఒక్కమాట అడిగారా? నలభైమందిమి మెట్లు దిగి వచ్చేవాళ్ళం. నేను పచ్చి బాలింతనైనా వచ్చేదాన్ని."

బాట్మా లేచి కూచుంది. గిన్నె లాక్కుంది. మాంసం నములుతూ, ఎవరి మొహమూ చూడకుండా, చివరి చుక్క దాకా తాగింది. పదకొండు రోజుల్లో ఆమె అంత తినడం ఎవరూ చూడలేదు. ఖాళీ గిన్నె సాకిష్ ఒళ్ళో పెట్టింది.

"రేపు డాక్టరుకు గుండిగలోది పెట్టించండి. సంతకం పెట్టకపోతే మాకు కబురు చెయ్యండి, ఈసారి దిగొస్తాం. తపేలాలోది నాకు పంపించండి, నా ఆపరేషన్ అయ్యేదాకా. నాకు బతకాలనుంది. మీరు మాత్రం అందరితో పాటు గుండిగలోది తినండి."

"తింటాను," అంది సాకిష్.