రుద్దిన ఉక్కు

ఆ పొద్దు మబ్బు కురవదు, తేలిపోదు. తడిసిన గొంగడిలా తార్నాక మీద వేలాడుతోంది. సింధూజ దాని కిందే నడిచి క్యాంపస్‌లోని ల్యాబుకు చేరింది. ఎండాకాలం నుంచి ఉప్పునీళ్లలో నానుతున్న ఉక్కు ముక్కలను తీసి తూచే రోజది. ఆ బరువులు లేనిదే ఆమె థీసిస్ కదలదు.

అన్నీ ఒకే కడ్డీలోంచి కోసినవి. కొన్నింటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచింది. కొన్నింటిని ఫర్నేసులోనే మెల్లగా చల్లారనిచ్చింది. ముంచినవాటిలో కొన్నింటిని మళ్ళీ వేడి చేసింది. ఎలా కాలిస్తే ఉప్పు ఎంత తింటుందో తేలాలి.

తలుపు తీసేసరికి సీసాలు కడిగి బోర్లించి ఉన్నాయి. ముక్కలు తెల్లగుడ్డ మీద కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి.

తుప్పు వదిలించాల్సిందే, కానీ తుప్పును మాత్రమే కరిగించే మందునీళ్లలో ముంచి వదిలించాలి. గరుకు కాగితంతో రుద్దితే మంచి ఇనుమూ పోతుంది. ఉప్పు తిన్నదెంతో, కాగితం తిన్నదెంతో ఇక బ్రహ్మ కూడా చెప్పలేడు.

రుద్దింది శ్రీలలిత. ఇద్దరిదీ ఒకే గది, ఒకే గైడు. పరిశీలన బృందం వస్తోందని, తుప్పు కనబడితే పరువు పోతుందని, రుద్దెయ్యమని గైడు రఘువీర్ సారే చెప్పారట.

"రుద్దొద్దని నీకు తెల్వదా?" అంది సింధూజ.

"తెలుసే. సార్ చెప్పాక ఏమనను?"

"వద్దనాలె."

అప్పుడే లోపలికొచ్చిన సార్ మాత్రం తాపీగా, అంకెలు అంచనాగా వేసెయ్యమన్నారు.

"అంచనకే రాసేదుంటే గిన్ని దినాలు ఉప్పునీళ్లకు కావలి ఎందుకున్న సార్?"

ఆయన వాచీ చూసుకున్నారు. అంతలో బృందం రానే వచ్చింది. అందులో పెద్దాయన ఒక ముక్కను చేతిలోకి తీసుకుని, శుభ్రతను మెచ్చుకుని, ఇందులో ఏం తేలిందని అడిగాడు. సార్ గొంతు సవరించుకునే లోపే సింధూజ అందుకుంది.

"నిన్నటిదాక ఇది ప్రయోగం సార్. మీరొస్తున్నరని రుద్దిపిచ్చిన్రు. ఇగ దీంట్ల ఏం తేలది."

పెద్దాయన ముక్కను నిప్పుకణికలా గుడ్డ మీద వదిలేశాడు. రఘువీర్ సార్ ముఖం కందగడ్డయింది. బృందాన్ని గబగబా బయటికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం ఆమె కొత్త కడ్డీ కోసి ఫర్నేసు వెలిగించింది. మళ్ళీ మొదటి నుంచే. పిలవకుండానే శ్రీలలిత వచ్చి పట్టకారు పట్టుకుంది. సింధూజ పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. ఎర్రటి ముక్క నీళ్లలో పడి బుస్సుమంది.

తార్నాక గదిలో ఆ రాత్రి టమాటా పప్పు. శ్రీలలిత గోళ్ల కింద గరుకు కాగితం నలుపు ఇంకా పోలేదు. ఆ వేళ్లతోనే అన్నం కలుపుకుంటోంది. సింధూజ చూసింది. కోపం దిగలేదు. పచ్చడి సీసా మాత్రం మధ్యకు జరిపింది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.